చక్రాలాయన చేపలకు గంట నేర్పిన వైనం

చేపలకు చెవులుంటాయా ఉండవా అన్న ప్రశ్న మనలో చాలామందికి జీవితంలో ఒక్కసారైనా రాదు. వచ్చినా చేతిలో టీ అయిపోయేలోపు మర్చిపోతాం. చక్రాలాయన మాత్రం దాన్ని పట్టుకుని రెండు నెలలు వదల్లేదు.

చక్రాలాయన అన్నది ఆ వీధివాళ్ళు పెట్టిన పేరు. ఆయన పని రైల్వే స్టేషన్లో. బండి వచ్చి ఆగగానే పొడుగు పిడి ఉన్న సుత్తి పట్టుకుని, ఒక్కో చక్రాన్నీ తట్టుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి పోతాడు. బాగున్న చక్రం ఖంగుమంటుంది, ఆ మోత కాసేపు గాల్లో సాగుతుంది. ఎక్కడైనా వెంట్రుకంత పగులుంటే దబ్బుమని అక్కడికక్కడే ఆగిపోతుంది. పెద్ద స్టేషన్లకు ఈ పనికి యంత్రాలొచ్చాయి. ఈ స్టేషన్ దాకా అవి రాలేదు. ఇక్కడ ఇప్పటికీ సుత్తి, చెవి, అంతే. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆయన పగిలిన చక్రాలు పదిహేడు పట్టాడు. ఏ బండిలో, ఎన్నో బోగీలో అని అడిగితే చెబుతాడు. అడక్కపోయినా చెబుతాడు.

ఆయన భార్య పిల్లల ఆసుపత్రిలో నర్సు, రాత్రి డ్యూటీ. వార్డుకు రంగులు వేస్తున్నప్పుడు మూలనున్న అద్దాల తొట్టెను ఎవరూ పట్టించుకోవడం లేదని, మనసు ఒప్పక, తొట్టెతో సహా మూడు చేపల్నీ ఇంటికి తెచ్చేసింది. మూడూ నారింజ రంగువే. ఒకటి పెద్దది, ఒకటి తోక చీలినది, మూడోది మిగతా రెండూ ఇటు వెళ్తే తను అటు వెళ్ళేది. దానికి ఆయన మొండిది అని పేరు పెట్టాడు.

"వీటికి గంట నేర్పుతా. గంట కొడితే వచ్చి ఈ మూల వరుసగా నిలబడాలి, అప్పుడే తిండి" అన్నాడు మొదటిరోజే.

"చేపలకు నేర్పడమేంటండీ! వేళకి నాలుగు గింజలు వేస్తే తిని వాటి మానాన అవి బతుకుతాయి."

"ఇనుము చేతే నిజం చెప్పిస్తున్నా ఇన్నేళ్ళుగా. గుప్పెడు చేపలు నాకో లెక్కా?"

పాతసామాన్ల కొట్లో అరచేతిలో ఇమిడే ఇత్తడి చేతిగంట దొరికింది. దాని మోత సన్నం, తీగ లాగినట్టు ఉండేది. పొద్దున సరిగ్గా ఎనిమిదింటికి తొట్టె కుడివైపు నిలబడి గంట ఊపేవాడు. మనసులో ఐదు లెక్కపెట్టి, చిటికెడు మేత ఆ మూలే వేసేవాడు. గంట లేనిదే మేత లేదు, మేత లేనిదే గంట లేదు. మధ్యలో ఎవరూ వేలు పెట్టకూడదు. మొదటి రెండు వారాలూ చేపలు ఆయన్ని బొత్తిగా ఖాతరు చెయ్యలేదు. మూడోవారం పెద్దది వచ్చింది. ఐదోవారానికి మేత నీళ్ళలో పడకముందే రెండు చేపలు మూలకొచ్చి నోళ్ళు తెరిచి నిలబడ్డాయి. ఆరోవారం మొండిది కూడా దారికొచ్చింది. ఆ రోజు ఆయన కాలర్ ఎగరేసుకుని స్టేషన్‌కు వెళ్ళాడు.

ఈ సంబరంలో నలిగిపోయింది ఆవిడ. రాత్రంతా వార్డులో తిరిగి ఏడింటికి ఇల్లు చేరుతుంది. ఏడున్నరకు నడుం వాలుస్తుంది. కళ్ళు మూతపడే వేళకు పల్చటి చెక్కగోడ అవతల గంట. మూడుసార్లు చెప్పి చూసింది. "పాఠం మధ్యలో ఆపితే నేర్చుకున్నదంతా నీళ్ళపాలవుతుంది, ఇంకో వారం ఓర్చుకో" అన్నాడు ఆయన మూడుసార్లూ. తర్వాత ఆవిడ అడగడం మానేసింది. పైపెచ్చు కొన్నాళ్ళుగా ఆయనంటే తెగ ఆపేక్షగా ఉంటోంది. టీ అడక్కముందే ఇస్తోంది, చొక్కా గుండీలు ఊడితే చెప్పకుండానే కుడుతోంది. చేపల్ని లొంగదీసిన మొగుడంటే ఆ మాత్రం గౌరవం ఉండదా అనుకున్నాడాయన.

బుధవారం కింది వాటాలో ఉండే దర్జీని పిలిచి తన విద్య చూపించాడు. ఎనిమిదైంది. గంట ఊపాడు. మూడు చేపలూ రివ్వున వచ్చి మూల చేరాయి. ఎలా ఉందన్నట్టు దర్జీ వైపు చూశాడు.

దర్జీ చేపల్ని చూశాడు, గంటను చూశాడు, ఈయన మొహంలోకి చూశాడు. "బాగుందండీ. చాలా బాగుంది. కానీ, మరి గంటెందుకండీ?" అన్నాడు.

"గంటకే కదయ్యా వచ్చింది!"

"ఆహా, అలాగా" అని, పని గుర్తొచ్చినవాడిలా మెట్లు దిగిపోయాడు దర్జీ. చేపలు మనిషిని చూసి వస్తున్నాయని వాడి ఉద్దేశం కాబోలునని చక్రాలాయనకు ఉక్రోషం వచ్చింది. రెండు రోజులు అదే నసిగాడు. శుక్రవారం పొద్దున ఆవిడ ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగానే ఎదురెళ్ళాడు.

"ఇవాళొక్కరోజూ ఎనిమిది దాకా మేలుకో. నువ్వు తలుపు చాటు నుంచి గంట కొట్టు. నేను తొట్టె దగ్గరికే రాను. చేపలు దేనికి వస్తాయో తేల్చి ఆ దర్జీ నోరు మూయిస్తా."

ఆవిడ నవ్వింది. "అయితే ఇవాళ దూది తీసెయ్యమంటారా మరి?"

"ఏం దూది?"

"చాల్లెండి మీ నటన."

"ఏం దూదే?"

ఆవిడ గంట తీసుకుని తిరగేసి చూపించింది. లోపల వేలాడే గంట నాలుకకు బొటనవేలంత లావున దూది చుట్టి, పైన ఆసుపత్రి ప్లాస్టరు అంటించి ఉంది. ఊపితే మెత్తగా తగులుతుంది తప్ప చప్పుడు రాదు. 

"ఇదెప్పుడు పెట్టావు?"

"పోయిన సోమవారం కాదు, ఆ ముందు సోమవారం. పదకొండు రోజులైంది."

"అబద్ధం. నిన్న మోగింది."

"నిన్న నేను హాయిగా పడుకున్నానండీ."

"మొన్న దర్జీ ముందు మోగింది. ఈ చెవులతో విన్నా!"

"దూది తీసింది లేదు, పెట్టింది లేదు. ఇంట్లో ఉన్నది మనిద్దరమేగా."

ఆయనకు తల తిరిగిపోయింది. ప్లాస్టరు రాత్రిపూట ఊడి పొద్దున అంటుకుంటోందా? ఇంట్లో ఇంకో గంట ఉందా? ఈవిడ తన చెవిలో పువ్వు పెడుతోందా? మొదటి రెండూ ఎంత తెలివితక్కువ ఆలోచనలో ఆయనకే తెలుస్తోంది, కాబట్టి మూడోదాన్ని గట్టిగా పట్టుకున్నాడు. "ఎందుకే నాతో పరాచికాలు?" అని అరిచాడు.

ఆవిడ మొహంలో నవ్వు పోయింది. "నేననుకున్నదేంటో తెలుసా? మొదటిరోజే మీరు దూది చూసుంటారు, నా నిద్ర కోసం ఊరుకున్నారు, మూగ గంటే ఊపుతూ చేపల్ని మభ్యపెడుతున్నారు అనుకున్నా. పైకి చెప్పకపోయినా ఈ మనిషికి నా మీద ఎంత ప్రేమ అని మురిసిపోయానండీ, పదకొండు రోజులూ." అంటూనే ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి దేనికో ఆవిడకే తెలియలేదు. మురిసినందుకా, మోసపోయినందుకా, లేక ఇప్పుడే అర్థమవుతున్నదానికా?

ప్లాస్టరు పీకేశారు. దూది తీసేశారు. ఆవిడ గంట పట్టుకుని ఆయన వెనక్కి వెళ్ళింది.

"కొట్టు" అన్నాడు.

చప్పుడు లేదు.

"కొట్టవేం?"

ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడింది. "నాలుగుసార్లు కొట్టా."

ఆయన గంట లాక్కుని తనే ఊపాడు. ఖణేల్మని మోగింది. సన్నగా, స్పష్టంగా, తీగ లాగినట్టు. "ఇదిగో, ఇదిగో! నాకెందుకు వినపడదూ?" అన్నాడు. ఆవిడ మెల్లగా చెయ్యి చాపి, గంట నాలుకను రెండు వేళ్ళతో నొక్కి పట్టుకుంది. "ఇప్పుడు ఊపండి" అంది. కళ్ళు మూసుకుని ఊపాడు. మళ్ళీ మోగింది, అంతే స్పష్టంగా. కళ్ళు తెరిస్తే ఆవిడ వేళ్ళు నాలుక మీదే ఉన్నాయి.

"నా చేతిలో మోగుతుంది, నీ చేతిలో మోగదు, ఇదేం గంటే?"

ఆవిడ గంట తీసుకుని తలుపు చాటుకు వెళ్ళి కొట్టింది. చేపలు కదల్లేదు. మొండిది నాచు చుట్టూ తన మానాన తను తిరుగుతోంది. తర్వాత ఆయన్ని ఖాళీ చేతులతో తొట్టె కుడివైపు నిలబెట్టి, గంట ఊపినట్టు చెయ్యి ఊపమంది. ఊపాడు. మూడు చేపలూ రివ్వున మూలకొచ్చి నోళ్ళు తెరిచాయి. రెండు నెలలు కష్టపడి ఆయన నేర్పింది గంట కాదు. చెయ్యి. చేపలు ఆ చెయ్యి చూసి వస్తున్నాయి. ఆ చెయ్యి ఊగగానే ఆయనకూ మోత వినిపిస్తోంది. ఎవరు ఎవరికి నేర్పారో అర్థంకాక ఆయన అలాగే నిలబడిపోయాడు. ఆవిడే చిటికెడు మేత వేసింది.

"మాట బాగానే వినిపిస్తుంది, సన్నటి మోతలే పోతాయి. వార్డులో ఇలాంటి కేసులు చూశా" అంది, నర్సు గొంతు తెచ్చుకుని. తర్వాత ఆ గొంతు నిలవలేదు. "ఈ పూట సెలవు పెట్టండి. మీరు వినేది గంట కాదు, జనం ఎక్కే బండి."

"చక్రం వేరు, గంట వేరు. గంట బొమ్మలాంటిది. చక్రం మోత నా ఎముకల్లో ఉంది" అన్నాడు ఆయన. అదే కదా భయం అని ఆవిడ అనలేదు, ఆయనకే అనిపించింది.

స్టేషన్‌కు నడుస్తూ అలవాటు కొద్దీ తన పదిహేడు చక్రాల్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాడు. అవి తలుచుకుంటే ఆయనకు ధైర్యం వస్తుంది. మొదటిది పాలబండి, మూడో బోగీ. రెండోది వర్షంలో. అలా వచ్చి వచ్చి పదిహేడో దాని దగ్గర అడుగు ఆగింది. అది పట్టి నాలుగేళ్ళు దాటింది. అంతకుముందు ఏడాదిన్నరకో, రెండేళ్ళకో ఒకటి దొరికేది. నాలుగేళ్ళుగా చక్రాలు పగలడం మానేశాయా? మంచి ఇనుము వస్తోందేమో. డ్రైవర్లు నెమ్మదిగా నడుపుతున్నారేమో. ఏమో.

రెండూ పదికి బండి వచ్చింది. పన్నెండు బోగీలు, బోగీకి ఒక పక్క నాలుగు చక్రాలు, మొత్తం నలభై ఎనిమిది. అవతలి పక్క తట్టేది బావ. ఇద్దరికీ చుట్టరికమేమీ లేదు. ఎప్పుడో ఒకరు బావా అంటే రెండోవాళ్ళూ బావా అన్నారు, అంతే. ఇరవై రెండేళ్ళుగా ఇద్దరూ ఒకే బండి వెంట నడుస్తున్నారు, ఒకరికొకరు కనిపించేది బోగీల కింద నుంచి బూట్లు మాత్రమే. చివరికి చేరాక ఇద్దరూ పచ్చజెండా ఊపాలి. రెండు జెండాలూ చూస్తేనే గార్డు విజిల్ వేస్తాడు.

మొదటి చక్రాన్ని తట్టాడు. ఖంగుమంది. బ్రహ్మాండంగా ఉంది. ఇంత బాగా వినిపిస్తుంటే ఇంకేం కావాలి? రెండోదీ ఖంగుమంది. అప్పుడు పొద్దుటి గంట కూడా ఇంత బాగానే వినిపించిందని గుర్తొచ్చి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ మోగింది. మోగింది చక్రమా, తనా? మూడోదాన్ని మూడుసార్లు కొట్టాడు. ఎంత ఎక్కువ కొడితే అంత బాగా మోగుతోంది, అంత తక్కువ నమ్మకం కలుగుతోంది. ఏడో బోగీ కిటికీ లోంచి ఒక ప్రయాణికుడు తల బయటపెట్టి, "ఏం పెద్దాయనా, బండి కొంటున్నారా ఏంటి, అంత పరీక్షిస్తున్నారు?" అన్నాడు. ఆ మాట మాత్రం చక్కగా వినపడింది.

నలభై ఎనిమిదోది కూడా ఖంగుమంది. పచ్చజెండా కోసం చెయ్యి వెనక్కి పోయింది. అక్కడే ఆగింది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి, సుత్తి తలకు నాలుగు మడతలు గట్టిగా చుట్టి ముడేశాడు. మళ్ళీ అదే చక్రాన్ని కొట్టాడు.

ఖంగుమంది. తువ్వాలు చుట్టిన సుత్తికి, దూరంగా సాగే మోతతో, ఇరవై తొమ్మిదేళ్ళుగా ఎలా మోగిందో అలాగే మోగింది.

 బండి అవతల బావ పచ్చజెండా అప్పటికే ఊగుతోంది. గార్డు విజిల్ నోట్లో పెట్టుకుని ఈయన వైపే చూస్తున్నాడు. చక్రాలాయన ఎర్రజెండా తీశాడు.

ఇన్‌స్పెక్టరు పరుగున వచ్చాడు. ఒకప్పుడు ఈయన దగ్గరే సుత్తి పట్టడం నేర్చుకున్నవాడు, అందుకే ఇప్పటికీ మన్నన. "ఏ చక్రం మేస్త్రిగారూ?"

"తెలియదండీ."

"ఏ బోగీలో పగులు?"

"పగులుందో లేదో తెలియదు."

"మరి బండెందుకు ఆపారు?"

"నా పక్కన ఇంకొకరు తట్టాలండీ."

ఇన్‌స్పెక్టరు బావను పిలిపించాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి బావ ఇవతలి పక్కకొచ్చాడు. "ఏంటి బావా ఇది?" అంటూనే మొదటి చక్రాన్ని తట్టాడు. దబ్బుమంది. చక్రాలాయన ఉలిక్కిపడ్డాడు. రెండోది దబ్బుమంది. మూడోదీ దబ్బుమనేసరికి ఆగలేక బావ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇది పోయింది బావా!"

"ఏం పోయింది? అంత చక్కగా మోగుతుంటే!"

"ఇంకోసారి కొట్టు."

బావ కొట్టాడు. దబ్. చక్రాలాయన బావ మొహం చూశాడు. అందులో ఎగతాళి లేదు, అయోమయం తప్ప.  బావ పక్కనే నడుస్తూ, సుత్తి లేవడం, చక్రానికి తగలడం చూస్తూ పోయాడు. ప్రయాణికులు కిటికీల్లోంచి అరుస్తున్నారు. అవన్నీ వినిపిస్తున్నాయి. ఎవరికో ఆలస్యమవుతోంది, ఎవరికో అవతల ఇంకో బండి తప్పిపోతుంది.

నలభై ఎనిమిదీ అయ్యాయి. "అన్నీ భేషుగ్గా ఉన్నాయి" అన్నాడు బావ. జెండాలు ఊగాయి. బండి నలభై నిమిషాలు ఆలస్యంగా కదిలిపోయింది.

ఆయన్ని ఇన్‌స్పెక్టరు గదిలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. బావ కూడా వెంట వచ్చి పక్కన నిలబడ్డాడు. "చూశారా, మీరు బాగున్నాయన్న చక్రాలన్నీ బాగున్నాయి. అంటే మీ చెవి సరిగ్గానే ఉంది. ఏదో అలసట. జాగ్రత్త కోసం రెండోసారి తనిఖీ చేశామని రాసేస్తా. ఓ నాలుగు రోజులు ఇంట్లో ఉండండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆ మాటకు తలూపాలని ఆయనకు ఎంత అనిపించిందో చెప్పలేం. రిటైరవడానికి రెండేళ్ళుంది. ఈ సుత్తి లేకపోతే తనను ఎవరు ఏమని పిలుస్తారు? తలూపితే అయిపోతుంది. ఈ గదిలో ఉన్న ముగ్గురికీ అదే కావాలి.

"నా చేత్తో కొడితే నలభై ఎనిమిదీ మోగాయండీ. గుడ్డ చుట్టి కొట్టినా మోగింది. బావ చేత్తో కొడితే ఒక్కటీ మోగలేదు. నలభై ఎనిమిదీ పగిలిన చక్రాలే నాకు" అన్నాడు. "మా ఇంట్లో చేపలూ ఇంతే. గంటకు రావు, నా చేతికొస్తాయి."

"చేపలేంటి మధ్యలో?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

బావకు మాత్రం అర్థమైంది. కుర్చీలో కూలబడ్డాడు. "మరి ఇవాళ అన్నీ బాగున్నాయిగా బావా?"

"బాగున్నాయి కాబట్టి సరిపోయింది. నేను విని కాదు."

ఇన్‌స్పెక్టరు సొరుగులోంచి ఒక కాగితం తీసి ముందు పెట్టాడు. ఆరోగ్య కారణాల వల్ల పని నుంచి తప్పుకునేవాళ్ళు నింపేది. చక్రాలాయన పేరు రాశాడు, ఉద్యోగం రాశాడు, ఇబ్బంది ఏమిటో రాశాడు. నాలుగో గడిలో 'ఎప్పటి నుంచి' అని ఉంది. అక్కడ పెన్ను ఆగిపోయింది.

బావ వంగి, గొంతు తగ్గించి, ఆయన మొహానికెదురుగా, పెదాలు కనబడేలా చెప్పాడు. "ఈ వారం నుంచని రాయి బావా. ఎవరికీ ఏ గొడవా ఉండదు. వెనకటి బండ్లన్నీ ఇప్పుడెందుకు తవ్వుకోవడం?"

ఆయన కిటికీ వైపు చూశాడు. నాలుగూ ఇరవై బండికి జనం అప్పుడే చేరుతున్నారు. ఒకావిడ పెట్టె మీద కూర్చుని పిల్లకు జడ వేస్తోంది. ఇద్దరు ముసలివాళ్ళు ఏ బోగీ ఎక్కడ ఆగుతుందో వాదించుకుంటున్నారు. నాలుగేళ్ళలో ఇలాంటి బండ్లు ఎన్నింటికి తను పచ్చజెండా ఊపాడో లెక్కపెట్టబోయి, వందల దగ్గరే వదిలేశాడు.

నాలుగో గడిలో 'తెలియదు' అని రాసి, కింద సంతకం పెట్టాడు.